అనంతగిరి బాటల మీద సైకిళ్లు: అటవీశాఖకు బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర ప్రధాన ముఖ్య అటవీ సంరక్షణాధికారి గారికి,

వికారాబాద్ పక్కన అనంతగిరి గుట్టల మీద కురిసిన వాన రెండు దారులు పడుతుంది. తూర్పు వాలున పడ్డ నీళ్లు మూసీ అయి గండిపేట చేరతాయి. పడమటికి జారినవి కాగ్నా పట్టుకుని భీమాలో కలుస్తాయి. చివరికి రెండూ కృష్ణకే పోయినా, దారిలో హైదరాబాద్ నగరం తాగింది తూర్పు వాలు నీళ్లను. 1908 సెప్టెంబరు 28న మూసీ నగరాన్ని ముంచెత్తాక, విశ్వేశ్వరయ్య సలహా మీద తలపెట్టిన రెండు జలాశయాల్లో గండిపేట 1920లో, ఈసీ నది మీది హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వాటి రక్షణ కోసం ఆంక్షలు పెడుతూ 1996లో తెచ్చిన 111 జీవో గురించి, దాన్ని 2000లో సుప్రీంకోర్టు సమర్థించడం గురించి, 2022లో ప్రభుత్వమే ఆ ఆంక్షలు ఎత్తేయబోవడం గురించి పత్రికల్లో చాలా సిరా ఖర్చయింది. అయితే ఆ జీవో గీసిన గిరి జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల వరకే. మూసీ పుట్టే గుట్ట దానికి ఎంతో అవతల ఉంది. అక్కడ నీటిని కాచేది అడవి, అడవిని కాచేది మీ శాఖ. ఈ లేఖ జలమండలికి కాకుండా మీకు రాయడానికి కారణం అదే.

వారాంతాల్లో ఆ గుట్టలకు వస్తున్న జనంలో ఇప్పుడు మౌంటెన్ బైకుల వాళ్లూ ఉన్నారు. లావు టైర్లు, కుదుపును మింగే ఫోర్కు, డిస్కు బ్రేకులతో రాళ్ల మీద, వేర్ల మీద దిగడానికే తయారైన సైకిళ్లు ఇవి. చట్టం మాటకొస్తే, 1967 అటవీ చట్టం కింద రిజర్వు అడవిలోకి అనుమతి లేకుండా పోవడమే నేరం. ఆచరణలో మాత్రం ఎవరైనా ఆపితే వెనక్కి, లేకపోతే ముందుకు. ఏ బాట మీద సైకిల్ వెళ్లవచ్చు, ఏ నెలలో కూడదు అన్నది వచ్చేవాడికీ తెలియదు, ఆపేవాడికీ స్పష్టంగా తెలియదు. ఈ అయోమయం మీద రెండు అరుపులు వినిపిస్తాయి. అడవిలో చక్రమన్నదే వద్దని ఒకటి, సైకిల్ పొగ వదలదు కాబట్టి దానికి అడ్డేమిటని మరొకటి. రెండూ వాహనాన్ని చూసి తీర్పు చెబుతున్నాయి. నేను అడుగుతున్నది మీ శాఖ బాటను చూసి తీర్పు చెప్పాలని. ఆ బాట ఎంత వాలులో ఉంది, కింద ఏ మట్టి ఉంది, వాన నీళ్లు దాన్ని అడ్డంగా దాటిపోతున్నాయా లేక దాని వెంటే పారుతున్నాయా, అది ఏ కాలం అన్నవి తేల్చాల్సిన సంగతులు. సైకిల్‌కంటూ విడిగా నిబంధన పెట్టాల్సింది ప్రధానంగా వేగం దగ్గర. దానికి కారణం మట్టి కాదు, ఎదురొచ్చే మనుషులు, జంతువులు.

ముందు మట్టి సంగతి. అనంతగిరి పీఠభూమి నల్లరాతి పొరల మీద ఎర్రటి జేగురురాయి టోపీ పెట్టుకున్న నేల. పైన గులకతో కలిసిన మొరం, కింద గట్టి పొర. ఎండినప్పుడు రాయిలా ఉంటుంది, నానితే పై రెండు మూడు అంగుళాలు వదులైపోతాయి. ఇలాంటి చోట కాలిబాట ఎలా చెడుతుందో దగ్గరగా చూస్తేనే తెలుస్తుంది. గుట్ట మీంచి నిట్టనిలువుగా కిందికి దిగే బాట మధ్యలో ముందు చిన్న గాడి పడుతుంది, నడిచే కాళ్ల వల్లనో, మేకల గిట్టల వల్లనో, చక్రం వల్లనో. మొదటి పెద్ద వానకు నీళ్లు ఆ గాడిని కాలువ చేసుకుంటాయి. పక్కకు పోయే వీలు లేక వేగం పుంజుకుని సన్న మట్టినంతా కడిగేస్తాయి. మిగిలిన గులకరాళ్ల మీద కాలు జారుతుంది కాబట్టి మనిషి ఒక అడుగు పక్కకు జరిగి గడ్డి మీద నడుస్తాడు. సైకిల్‌వాడూ అంతే. మరుసటి ఏడాదికి అక్కడ రెండో గాడి. మూడు వానాకాలాలు గడిచేసరికి మనిషి పట్టేంత బాట ఎడ్లబండి పట్టేంత ఒర్రె అవుతుంది. వాలుకు అడ్డంగా, కాస్త ఏటవాలుగా సాగే బాట దీనికి పూర్తిగా వేరు. దాని బయటి అంచును రవ్వంత కిందికి వంచి ఉంచితే, అక్కడక్కడా బాట కాస్త దిగి మళ్లీ లేచేలా చేస్తే, ఎక్కడి నీళ్లు అక్కడే అడ్డంగా దాటి అడవిలోకి ఇంకిపోతాయి. బాట కట్టేవాళ్లకు దీనికో మోటు లెక్క ఉంది: బాట ఎక్కే వాలు, అది ఆనుకున్న గుట్ట వాలులో సగం దాటకూడదు. దాటితే నీళ్లు బాటనే ఎంచుకుంటాయి. ఈ లెక్కకు పైన పోయేది బూటా, గిట్టా, టైరా అన్నదానితో పని లేదు.

ఈ మాట ఊహ మీద చెబుతున్నది కాదు. అమెరికాలోని మోంటానాలో విల్సన్, సీనీ అనే పరిశోధకులు 1994లో ప్రచురించిన ప్రయోగంలో మనుషులను, గుర్రాలను, సైకిళ్లను, మోటారు సైకిళ్లను కొండబాటల మీద నడిపి, తర్వాత కృత్రిమంగా వాన కురిపించి కొట్టుకుపోయే మట్టిని కొలిచారు. ముందే తడిసిన బాటల మీద ఎక్కువ మట్టిని వదులు చేసినవి గిట్టలు, పాదాలు. చక్రాలు వాటి వెనకే. కెనడాలోని ఒంటారియోలో థర్స్టన్, రీడర్ అంతవరకూ ఎవరూ తొక్కని అడవి నేల మీద 500 సార్ల వరకు మనుషులను నడిపించారు, పక్కనే అన్నిసార్లు సైకిళ్లను తిప్పారు. 2001లో అచ్చయిన ఆ ఫలితాల్లో మొక్కలకు, మట్టికి జరిగిన నష్టంలో రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. టెన్నెసీ, కెంటకీ సరిహద్దులోని బిగ్ సౌత్ ఫోర్క్ బాటల సర్వేలో ఎక్కువ కోత నాలుగు చక్రాల ఏటీవీలదీ గుర్రాలదీ, తక్కువ కోత సైకిళ్లది. ఈ చివరి సంగతి మనకు బాగా పనికొస్తుంది. అడవి అంచు రిసార్టుల్లో సరదాకు తిప్పే ఏటీవీలను, ఆఫ్‌రోడ్ జీపులను సైకిళ్లతో ఒకే గాటన కట్టడం మట్టి దృష్ట్యా పెద్ద పొరపాటు. మోటారున్న ఏ బండినీ రిజర్వు అడవి బాట ఎక్కనివ్వకండి. అందులో చర్చకు తావు లేదు.

ఈ పరిశోధనలను సైకిల్ సంఘాలు జెండాలా ఊపడం నాకు తెలుసు, వాటి హద్దులూ చెప్పాలి. ఇవన్నీ వేరే నేలల మీద, వేరే వానల్లో జరిగినవి. రెండు గంటల్లో యాభై మిల్లీమీటర్లు దంచే మన ఆగస్టు వానకు మోంటానాలో కురిపించిన కృత్రిమ వాన జవాబు కాదు. పైగా ప్రయోగంలో సైకిల్ తొక్కేవాడు బుద్ధిగా తొక్కుతాడు. నిటారు దిగుడులో వెనక చక్రం బిగబట్టి జారుతూ పోయేవాడు మట్టిని గీరేసినట్టు గీరతాడు, మలుపుల దగ్గర గట్టును కోసేస్తాడు. మరో సంగతి లెక్కల్లో దాక్కుంటుంది. ఒక్కో కిలోమీటరుకు నష్టం సమానమే అనుకున్నా, నడిచే మనిషి పూటకు ఆరేడు కిలోమీటర్లు తిరిగే చోట సైకిల్‌వాడు ఇరవై పాతిక తిరుగుతాడు. నడిచేవాళ్ల గుంపు అలిసి ఆగిపోయే ఒర్రె దాటి అవతలి లోయ దాకా పోతాడు.

వన్యప్రాణుల విషయంలో ఈ దూరమే అసలు సమస్య. యూటాలోని యాంటిలోప్ ఐలాండ్‌లో టేలర్, నైట్ చేసి 2003లో ప్రచురించిన అధ్యయనంలో అడవిదున్నలు, జింకలు నడిచేవాళ్లను చూసి ఎంతగా బెదిరాయో సైకిళ్లను చూసీ అంతే బెదిరాయి. అదే అధ్యయనంలో అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. మనుషులు బాట మీదే ఉన్నప్పుడు వంద మీటర్లలోపు ఉన్న మ్యూల్ డీర్ జింకలు పరుగెత్తే అవకాశం 70 శాతమైతే, బాట వదిలి తిరిగినప్పుడు అది 96 శాతం. ఒరెగాన్‌లోని స్టార్కీ అడవిలో ఎల్క్ దుప్పుల మెడకు జీపీఎస్ పట్టీలు కట్టి చూసి 2018లో వెల్లడించిన ఫలితాల్లో మాత్రం ఆ దుప్పులు ఏటీవీలకు అందరికన్నా దూరంగా, తర్వాత సైకిళ్లకు, వాటికన్నా తక్కువ దూరంగా నడిచేవాళ్లకు, గుర్రాలకు తప్పుకుని ఉన్నాయి. మన అడవిపందులు, నెమళ్లు ఎల్క్‌లు కావు. కానీ ఈ రెండు అధ్యయనాలనూ కలిపి చదివితే చేయాల్సింది తెలుస్తుంది: బాటలు తక్కువ ఉండాలి, ఉన్నవాటి మీదే అందరూ ఉండాలి, బాటల మధ్య మనిషి అలికిడి చేరని పెద్ద ముక్కలు మిగలాలి. నడిచేవాళ్లకో బాట, సైకిళ్లకో బాట అంటూ కొత్తవి కోసుకుంటూ పోతే నష్టపోయేది ఆ ముక్కలే. ఉన్న బాటలను అందరూ పంచుకోవడం అడవికి మేలని నేననేది ఇందుకే.

పంచుకోవడం చెప్పినంత తేలిక కాదు. అది ఎంత కష్టమో ఈ ఆట పుట్టిన చోటే కనిపిస్తుంది. శాన్ ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన మారిన్ కౌంటీలో టామల్‌పైస్ కొండ ఉంది. 1976 అక్టోబరులో ఆ కొండ దిగువన ఫెయిర్‌ఫాక్స్ ఊరి దగ్గర కొందరు కుర్రాళ్లు పాత లావు టైర్ల సైకిళ్లతో, మూడు కిలోమీటర్ల పైచిలుకు దూరంలో దాదాపు నాలుగు వందల మీటర్లు దిగిపోయే మట్టిరోడ్డు మీద పందెం పెట్టుకున్నారు. జో బ్రీజ్, గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ లాంటి వాళ్ల చేతుల్లో మౌంటెన్ బైకు పరిశ్రమగా మారింది అక్కడి నుంచే. ఆ కొండలో పెద్ద భాగం మారిన్ నీటి సంస్థ సొత్తు. దాని అధీనంలో ఇరవై వేల ఎకరాల పైచిలుకు పరీవాహక అడవి ఉంది, ఆ ప్రాంతపు తాగునీటిలో నాలుగింట మూడు వంతులు అక్కడి జలాశయాలవే. సంస్థ దశాబ్దాల కిందటే ఒక గీత గీసింది: మంటలార్పే బండ్లు తిరిగే వెడల్పాటి మట్టిరోడ్ల మీద సైకిళ్లు పోవచ్చు, సన్న కాలిబాటల మీద కూడదు. వేగం గంటకు 15 మైళ్లు, అంటే మన లెక్కలో దాదాపు 24 కిలోమీటర్లు. ఎదుటివాళ్లను దాటేటప్పుడు, అవతల కనిపించని మలుపుల్లో 5 మైళ్లే, అంటే ఎనిమిది కిలోమీటర్లు.

ఆ గీత సగం పనిచేసింది. వెడల్పాటి రోడ్ల మీద లక్షల మంది సర్దుకుపోయారు. సన్న బాటల మీద మాత్రం నిషేధాన్ని లెక్క చేయని సవారీ ఏనాడూ ఆగలేదు. చాటుమాటుగా కొత్త బాటలు పుట్టాయి, వాటిని ఎవరూ వాలు చూసి వేయరు కాబట్టి మట్టి కోతా వాటితోనే ఎక్కువ. నడిచేవాళ్లకూ సైకిళ్లవాళ్లకూ మధ్య నాలుగు దశాబ్దాల పంచాయితీ నడిచింది. చివరికి 2024లో కొన్ని సన్న బాటల మీద ప్రయోగాత్మకంగా సైకిళ్లను అనుమతించాలని బోర్డు తీర్మానిస్తే, పర్యావరణ ప్రభావాన్ని సరిగా అంచనా వేయలేదంటూ పరిరక్షణ సంస్థలు కోర్టుకెక్కాయి. ఆ సంస్థలను నేను తప్పు పట్టను. నలభై ఏళ్లు పంచాయితీలోనే గడిపి, అనుమతి ఇచ్చే రోజున ప్రభావం ఏమీ ఉండదంటే ఎవరైనా నమ్మాలా? మనకు కలిసొచ్చేదల్లా ఆట ఇంకా మొగ్గదశలో ఉండటం. అక్కడ పోగొట్టుకున్న నలభై ఏళ్లు ఇక్కడ మీ చేతిలో ఉన్నాయి.

చక్రాన్నే రానివ్వకండి అనే మిత్రుల వాదనలో బలమైన మాట ఒకటుంది. తలుపు సందు తెరిస్తే రేపు జిప్‌లైన్, ఎల్లుండి గుడారాల హోటల్ వస్తాయని వాళ్ల భయం. దీన్ని కొట్టిపారేయలేను. 2023లో సవరించిన కేంద్ర అటవీ సంరక్షణ చట్టం, వర్కింగ్ ప్లాన్‌లో చేర్చిన ఎకోటూరిజం సదుపాయాలను అటవీయేతర వినియోగం లెక్కలోంచి తీసేసింది. అంటే తలుపు ఇప్పటికే సగం తెరుచుకుంది. అందుకే సైకిళ్ల అనుమతి సదుపాయాల పేరుతో రాకూడదు. ఉన్న బాట వాడకానికి నియమంగా రావాలి, ఆ కాగితం మీద సిమెంటు, ఇనుము, గేటు కాంట్రాక్టు అన్న మాటలే ఉండకూడదు. పూర్తి నిషేధం మాత్రం ఆ భయానికి మందు కాదు. రిజర్వు అడవిలో నిషేధం అమలయ్యే తీరు మనకు తెలియనిది కాదు. ఖరీదైన సైకిల్ మీద వచ్చినవాడు ఫోనులో ఎవరితోనో మాట్లాడించి వెళ్లిపోతాడు. మోపు కట్టెలతోనో, గంపెడు సీతాఫలాలతోనో తండాకు తిరిగిపోయే ఆడమనిషి ఆగి సంజాయిషీ చెప్పుకుంటుంది. ఆ బాటలు ముందునుంచీ ఆమెవి, మేకల కాపరివి, అనంతపద్మనాభస్వామి గుడికి నడిచి వచ్చే భక్తులవి. ఏ నియమం రాసినా దారి తప్పుకోవాల్సిన వరుస అందులో ఉండాలి: సైకిల్‌వాడు అందరికీ తప్పుకోవాలి, షికారుకు నడిచేవాడు ఊరివాళ్లకూ పశువులకూ తప్పుకోవాలి. ఎదురుగా మంద వస్తే దిగి నిలబడాలి. ఇది మర్యాదకే పరిమితం కాదు. బెదిరిన మేకలు వాలు మీద చెల్లాచెదురైతే అవి తొక్కే నేల సైకిల్ తొక్కేదానికన్నా ఎక్కువ.

నడిచేవాళ్ల అభ్యంతరం వేరు, నా దృష్టిలో అన్నిటికన్నా న్యాయమైనది. సైకిల్ చప్పుడు చేయదు. పిల్లల్ని వెంటబెట్టుకుని పోతుంటే మలుపులోంచి ఎనభై తొంభై కిలోల బరువు మీదికి రావడం చిన్న సంగతి కాదు. మట్టి మీద పరిశోధనలు ఎన్ని చూపించినా ఈ భయానికి జవాబు దొరకదు, జవాబు బాట ఎంపికలో ఉంది. ఎదురుగా కనీసం ముప్పై మీటర్లు కనిపించే పాత బండిబాటలు, అగ్గి పాకకుండా మీ శాఖ ఏటా చెక్కించే ఫైర్ లైన్లు, అడవి రోడ్లు సైకిళ్లకు ఇవ్వండి. గుడికీ నీటి చెలమలకూ దిగే సన్న బాటలు, పొదలు మూసుకున్న మలుపులు నడిచేవాళ్లకే ఉంచండి. మారిన్ వేగాలను యథాతథంగా తీసుకున్నా నష్టం లేదు, కానీ బీట్ ఆఫీసర్ చేతికి స్పీడ్ గన్ ఎవరిస్తారు? మలుపుకు ముందు బాటకు అడ్డంగా రెండు బండరాళ్లు సందు ఉంచి పాతితే వేగం దానంతటదే తగ్గుతుంది.

ఇక సైకిల్ మిత్రుల వాదన. పక్కనే దామగుండం అడవిలో నేవీ రేడియో కేంద్రానికి 2,900 ఎకరాలు ఇచ్చి, 2024 అక్టోబరులో శంకుస్థాపన కూడా చేసిన ప్రభుత్వం మా రెండు చక్రాల మీద నీతులు చెప్పడమేమిటని అడుగుతారు. వినడానికి సూటిగా ఉంది కానీ, వాదనగా నిలవదు. దామగుండంలో పోయినది తిరిగి రాదు కాబట్టి మిగిలిన గుట్ట విలువ పెరిగిందనుకోవాలి. గండిపేటలో పూడిక సైకిళ్ల వల్ల వచ్చిందని నేనూ అనడం లేదు. పరీవాహకంలో దున్నిన చేలు, ప్లాట్లు, రోడ్ల తవ్వకాలు, మురుగు దానికి ఎన్నో రెట్లు పెద్ద కారణాలు. బాట కోత వల్ల ముందుగా చెడేది గుట్ట మీది సన్న ఒర్రెలు. వానాకాలం తర్వాత కూడా మరికొన్ని నెలలు తడి పట్టి ఉంచి, మూసీకి మొదటి నీళ్లిచ్చేవి అవే. వాటిని కాపాడటం సైకిల్‌వాడి చేతిలో ఉన్నంత మేరకు అతన్ని అడగడం అన్యాయం కాదు.

అన్నిటికన్నా చేదు నియమం వానాకాలానిది. అనంతగిరికి జనం ఎక్కువగా వచ్చేది పచ్చదనం కోసం, అంటే జులై నుంచి అక్టోబరు దాకా. మట్టి మెత్తబడేదీ అప్పుడే. తేదీలు రాసి మూసేయమని నేనడగను. మృగశిర కార్తె వచ్చినా వాన రాని ఏళ్లున్నాయి, నవంబరులో ముంచేసే ఏళ్లూ ఉన్నాయి. నేలను చూసి మూయండి. బాట మీద అడుగేస్తే అచ్చు లోతుగా పడి అందులో నీళ్లు ఊరుతుంటే ఆ రోజు బాట మూత. సైకిళ్లకే కాదు, ట్రెక్కింగ్ బృందాలకూ మూతే. తడి నేల మీద పాదం చక్రానికన్నా ఏమీ అమాయకం కాదని మోంటానా ప్రయోగం చెప్పిందిగా. ఊరివాళ్ల దైనందిన రాకపోకలకు మాత్రం ఈ మూత వర్తించకూడదు. వారాంతం ముందు గురువారం సాయంత్రం బీట్ ఆఫీసర్ బాట నడిచి చూసి, తెరిచి ఉందో లేదో శుక్రవారం ఉదయానికి ప్రకటిస్తే చాలు, నగరం నుంచి బయల్దేరేవాళ్లు చూసుకుని బయల్దేరతారు.

రుసుము వసూలు చేయాలా అంటే, చేయాలి. అది ఖజానాలో కలిసిపోతే మాత్రం వద్దు. చాలాచోట్ల కాగితాలకే మిగిలిన వన సంరక్షణ సమితులకు ఇక్కడ చేయడానికి నిజమైన పని ఉంది: వానలకు ముందు బాట అంచు వంపు సరిచేయడం, నీళ్లు అడ్డంగా పోయే చోట్ల రాళ్లు పేర్చడం, నిట్టనిలువు బాటలను ముళ్లకంపతో మూసి గడ్డి గింజలు చల్లడం, ఎవరో గీసిన కొత్త జాడలను కనిపించిన వారంలోనే చెరిపేయడం. ఈ చివరిది ఆలస్యమైతే ఫలితం ఉండదు. ఒకడు పోయిన జాడ ఫోను యాప్‌లో పటమై పదిమందికి చేరుతుంది, పదిమంది పోయాక అది బాట అవుతుంది. సైకిల్ సంఘాలను ఈ పనిలో కలుపుకోండి. ఏడాదికి రెండు రోజులు పార పట్టనివాళ్లకు అనుమతి కార్డు ఇవ్వనక్కర్లేదని నా అభిప్రాయం. కొంచెం కఠినంగా అనిపించినా దాన్ని మార్చుకోదలచుకోలేదు.

వచ్చే జూన్‌కు ముందు మీ శాఖ చేయగలిగింది ఒకటుంది, దానికి కొత్త చట్టం గానీ పెద్ద నిధులు గానీ అక్కర్లేదు. అనంతగిరి బ్లాకులోని బాటలన్నిటినీ ఒకసారి నడిచి, ప్రతి యాభై మీటర్లకూ వాలు, వెడల్పు, మధ్య గాడి లోతు కొలిచి పటం మీద ఎక్కించండి. ఒక టేపు, వాలు కొలిచే చిన్న పరికరం, ఇద్దరు మనుషులు చాలు. ఆ పటాన్ని జనం ముందు పెట్టండి. వర్కింగ్ ప్లాన్‌లో సైకిళ్లకు ఏయే బాటలు ఇస్తారో రాసే ముందు ఈ కొలతలు చేరాలి. వానలు వెనక్కి తగ్గాక, నవంబరు చివర్లో, అవే చోట్ల మళ్లీ కొలిపించండి. గాడి ఎక్కడ లోతు పెరిగిందో ఆ బాట మీద అనుమతి ఆగిపోవాలి, అది తెరిచింది సైకిళ్లకైనా, నడిచేవాళ్లకైనా.